వేపగింజ చేసే పని: చీడల నివారణలో వృక్షజన్య పదార్థాలు

కదలలేని మొక్క తనను తినవచ్చిన జీవి నుంచి పారిపోలేదు కనుక, ఆకులోనో గింజలోనో బెరడులోనో చేదును, ఘాటును, ఒక్కొక్కసారి ప్రాణాంతకమైన విషాన్ని కూడబెట్టుకుని బతుకుతుంది. పెరగడానికి, పూయడానికి, కాయడానికి నేరుగా అక్కరకు రాని ఇటువంటి పదార్థాలను శాస్త్రజ్ఞులు ద్వితీయ జీవపదార్థాలు అంటారు. పొగాకులోని నికోటిన్ వంటి ఆల్కలాయిడ్లు, వేపగింజలోని లిమనాయిడ్లు, నిమ్మగడ్డి వాసనకు మూలమైన టెర్పీన్లు అన్నీ ఈ కోవకే చెందుతాయి. వీటిని కషాయంగానో, నూనెగానో, పొడిగానో తీసి, అటువంటి రక్షణ లేని పైర్ల మీద వాడి చీడలను అదుపులో పెట్టే పద్ధతిని వృక్షజన్య సస్యరక్షణ అనవచ్చు. దీన్ని ఒక పక్షం రసాయన పురుగుమందుల పీడ విరగడ చేసే దివ్యౌషధంగా చాటుతుంటే, మరొక పక్షం ఫలితం లేని పాతకాలపు చాదస్తంగా తోసిపుచ్చుతోంది. అరవై ఏళ్లకు పైగా సాగిన పరిశోధనను, తెలుగు నేల మీద రైతులు గడించిన అనుభవాన్ని కలిపి చూస్తే, ఈ రెండు తీర్పులూ ఒకే పొరపాటు నుంచి పుట్టాయని తెలుస్తుంది. వృక్షజన్య పదార్థాలన్నిటిలోకీ ముఖ్యమైన వేపను ఇరుపక్షాలూ విషంగానే భావించి, విషాన్ని కొలిచే కొలతతోనే కొలిచాయి. నిజానికి అది పురుగు మీద చేసే పనే వేరు గనుక, దాన్ని తయారుచేసే తీరు, చల్లే వేళ, ఫలితం చూసే పద్ధతి కూడా వేరుగా ఉండక తప్పదు.

సురపాలుడి వృక్షాయుర్వేదం వంటి సంస్కృత గ్రంథాలు చెట్ల చీడలకు వాయువిడంగాల వంటి మూలికలను చెప్పాయి. అయితే ఈ విజ్ఞానం జనజీవనంలో స్థిరపడిన చోటు పొలం కంటే గాదె అనే చెప్పాలి. బియ్యం డబ్బాలో ఎండు వేపాకు వేయడం, ధాన్యం బస్తాల మధ్య వావిలాకు పరచడం, కందులకు ఆముదం పట్టించడం తెలుగు ఇళ్లలో నిన్నమొన్నటి దాకా ఏటా జరిగిన పనులే. వీటిలో ఆముదం పట్టించడం వెనుక ఉన్న కారణం శాస్త్రపరంగా స్పష్టంగా తేలింది. అపరాలను తొలిచే పుచ్చుపురుగు తన గుడ్డును గింజ పైపొరకు గట్టిగా అంటించిపెడుతుంది. గుడ్డులోని పిల్ల అది అంటుకున్న చోటునే తొలుచుకుంటూ గింజలోకి దిగిపోతుంది కనుక, బయట నుంచి చూసేవారికి అది ఎక్కడా కనిపించదు. కిలో గింజలకు 5 మిల్లీలీటర్ల చొప్పున ఏ వంటనూనె పట్టించినా, ఆ పలుచని పొర గుడ్డుకు గాలి ఆడే సన్నని దారిని మూసివేసి, పిల్లను లోపలే చంపుతుంది. ఇక్కడ పనిచేస్తున్నది విషం కాదు, నూనె పొర. వేపనూనె అయితే గుడ్లు పెట్టవచ్చిన తల్లిపురుగును కూడా వెనక్కి పంపుతుంది గాని, చేదు అంటుతుంది కనుక దాన్ని తిండిగింజలకు కాక విత్తనానికి ఉంచిన గింజలకే వాడడం మేలు.

పొలంలో వాడకానికి వస్తే, ప్రపంచ చరిత్రలో మొదట పేరు తెచ్చుకున్న వృక్షజన్య మందులు వేపలా మెత్తనివి కావు. ఐరోపాలో 17వ శతాబ్దం చివరి నుంచి పొగాకు కషాయాన్ని తోటల మీద చల్లేవారు. అందులోని నికోటిన్ నాడీకణాల మధ్య వార్తలు చేరవేసే అసిటైల్‌కోలిన్ అనే పదార్థం కూర్చోవలసిన చోట తాను కూర్చుని, నాడులను అదుపు లేకుండా ఉద్రేకపరచి పురుగును చంపుతుంది. మనిషి నాడులలోనూ అదే చోటు ఉంది. పచ్చి పొగాకు కోసే కూలీలకు చర్మం గుండా ఎక్కే నికోటిన్ వల్లనే వాంతులు, తలతిరుగుడు వస్తాయి. భారతదేశంలో నికోటిన్ సల్ఫేట్‌ను పైర్ల మీద వాడడాన్ని నిషేధించి, ఎగుమతి కోసం తయారీని మాత్రమే అనుమతించారు. నికోటిన్ పనిచేసే చోటనే పనిచేసే ఇమిడాక్లోప్రిడ్ వంటి కృత్రిమ మందులు 1990ల నుంచి ప్రపంచమంతటా వ్యాపించాయి. వాటిలో మూడింటిని తేనెటీగలకు హాని కలుగుతున్నదన్న కారణంతో ఐరోపా సమాఖ్య 2018లో ఆరుబయట పైర్లకు నిషేధించింది. డెర్రిస్ తీగ వేళ్ల నుంచి తీసే రోటినోన్ కథ కూడా ఇటువంటిదే. కణంలో శక్తిని పుట్టించే మైటోకాండ్రియాల పనిని ఆపివేసే ఈ పదార్థం చేపలకు మహా విషం. దీర్ఘకాలం ఎక్కించిన ఎలుకల్లో పార్కిన్సన్ వ్యాధి లక్షణాలు కనిపించాయని 2000లో ప్రచురితమైన అధ్యయనం తేల్చిన తరువాత, పైరు మందుగా దీని వాడకం దేశదేశాల్లో తగ్గిపోయింది. ప్రకృతి సిద్ధమైనంత మాత్రాన ఏ పదార్థమూ నిరపాయకరం కాదని చెప్పడానికి ఈ రెండూ చాలు.

పైరెత్రమ్ ఉదంతం మాత్రం తెలుగు పాఠకుడు నిలిచి చదవవలసినది, ఎందుకంటే దాని చివరి అధ్యాయం గుంటూరు నల్లరేగడి నేలల్లో నడిచింది. ఏడ్రియాటిక్ సముద్ర తీరంలోని డాల్మేషియా ప్రాంతానికి చెందిన, చామంతి జాతి తెల్లపూల మొక్క ఇది; 20వ శతాబ్దంలో కెన్యా దీని సాగుకు పెద్ద కేంద్రమైంది. ఎండబెట్టిన పూల పొడిలోని పైరెత్రిన్లు పురుగు నాడుల్లో సోడియం ప్రవేశించే ద్వారాలను మూసుకోనివ్వకుండా పట్టి ఉంచడం వల్ల పురుగు క్షణాల్లో గిలగిలలాడి పడిపోతుంది. ఈ పదార్థాల నిర్మాణాన్ని విప్పిచెప్పే పరిశోధనను స్టాడింగర్, రుజిచ్కా 1924లో ప్రచురించారు; వారిద్దరూ తరువాతి కాలంలో రసాయన శాస్త్రంలో నోబెల్ బహుమతి పొందినవారే. పైరెత్రిన్లకు ఒక్కటే లోపం: ఎండ తగిలితే గంటల్లో విరిగిపోతాయి. రైతుకు లోపంగా తోచిన ఈ గుణమే పర్యావరణానికి వరమని ఆనాడు ఎవరూ అనుకోలేదు. ఇంగ్లండులోని రోథమ్‌స్టెడ్ పరిశోధన కేంద్రంలో మైకేల్ ఇలియట్ బృందం 1973లో ఎండకు తట్టుకునే పెర్మెత్రిన్‌ను తయారుచేసింది. సైపర్‌మెత్రిన్, ఫెన్‌వలరేట్, డెల్టామెత్రిన్ ఆ వరుసలో వచ్చి, 1980లలో కోస్తా జిల్లాల పత్తిచేలను ముంచెత్తాయి. కాయతొలుచు పురుగు మొదట్లో వీటికి బాగానే లొంగింది. అయితే తెల్లదోమను తిని బతికే మిత్రపురుగులు ఈ మందులకు తుడిచిపెట్టుకుపోగా, తెల్లదోమ మాత్రం తట్టుకుని నిలిచింది. ఆకు అడుగున చేరి రసం పీల్చే ఆ చిన్న పురుగు 1987–88లో గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తిని నాశనం చేసింది. మందుల అప్పులు తీర్చలేక రైతులు ఆత్మహత్యలు చేసుకున్నారు. ఆ విషాదానికి కౌలు, వడ్డీ, ధరలు కూడా కారణాలే గాని, ఒక పువ్వులోని పదార్థాన్ని ప్రకృతి విధించిన హద్దు నుంచి తప్పించి, వారానికి ఒకసారి చొప్పున చల్లడం కూడా అందులో ఒక కారణమన్న మాట మరువరానిది.

పైరెత్రిన్ల పరిశోధనలోనే మరొక సంగతి బయటపడింది. నువ్వులనూనె కలిపితే పైరెత్రమ్ బలం పెరుగుతుందని 1940 ప్రాంతంలో గమనించి, అందుకు నూనెలోని సెసమిన్ వంటి పదార్థాలు కారణమని తేల్చారు. పురుగు దేహంలో విషాన్ని విరగ్గొట్టే ఎంజైములను ఇవి అడ్డుకుంటాయి. తానుగా చంపకపోయినా చంపేదానికి తోడుపడే ఇటువంటి పదార్థాన్ని సహాయకారి అనవచ్చు. నేడు దోమల మందుల్లో విరివిగా కలిపే పైపెరోనిల్ బ్యుటాక్సైడ్ ఈ ఎరుక నుంచి పుట్టినదే. ఒక పదార్థానికి మరొకటి ఆసరాగా నిలిస్తే బలం పెరుగుతుందని ఇక్కడ అర్థమయింది.

వేప విషయంలో శాస్త్రీయమైన ఆసక్తి మిడతల దండుతో మొదలైంది. జర్మన్ కీటకశాస్త్రజ్ఞుడు హైన్రిక్ ష్ముటెరర్ 1959లో సూడాన్‌లో మిడతలు చుట్టుపక్కల పచ్చదనమంతా మేసివేసి వేపచెట్లను మాత్రం విడిచిపెట్టడం చూశాడు. ఢిల్లీలోని భారతీయ వ్యవసాయ పరిశోధన సంస్థలో ఎస్. ప్రధాన్ బృందం వేపపప్పు ద్రావణం చల్లిన పైరు మీద మిడతలు వాలినా మేయలేదని 1962లో ప్రకటించింది. ఇంగ్లండులో బటర్‌వర్త్, మోర్గాన్ వేపగింజను భాగాలుగా విడదీస్తూ, ఏ భాగం ఎడారి మిడతకు తిండి మాన్పిస్తున్నదో పరీక్షించుకుంటూ పోయి 1968లో ఒక పదార్థాన్ని వేరుచేశారు, అదే అజాడిరాక్టిన్. దాని నిర్మాణం ఎంత చిక్కుముడి అంటే, అది పూర్తిగా తేలడానికి 1980ల మధ్యభాగం దాకా పట్టింది. ప్రయోగశాలలో దాన్ని మొదటినుంచి చివరి వరకు కూర్చడానికి స్టీవెన్ లే బృందం 22 ఏళ్లు శ్రమించి 2007లో సఫలమైంది. మనిషి అంత కష్టపడి కూర్చిన అణువును వేపచెట్టు ఏటా వేసవిలో కిలోల కొద్దీ గింజల్లో నింపుతోంది కనుక, దీన్ని కర్మాగారంలో తయారుచేసి చౌకగా అమ్మే అవకాశం ఇప్పటికీ లేదు. గింజే దీనికి గని.

అజాడిరాక్టిన్ పురుగు మీద రెండు విధాలుగా పనిచేస్తుంది. పురుగు నోటి దగ్గర రుచిని పట్టే కణాలను ఉద్రేకపరచి, ఇది తినదగినది కాదన్న సంకేతాన్ని పంపడం మొదటిది. దీన్ని భోజన నిరోధం అంటారు. తిన్న కొద్దిపాటి ఆకుతో లోపలికి చేరి, మెదడు నుంచి వెలువడవలసిన హార్మోన్ల వరుసను తారుమారు చేయడం రెండవది. లద్దె పురుగు పెరగాలంటే కుబుసం విడవాలి. కుబుసం విడవాలంటే ఎక్డైసోన్ అనే హార్మోన్ సరైన వేళకు, సరైన మోతాదులో ఊరాలి. ఆ వరుస చెడితే పురుగు పాత చర్మం సగం ఊడి, కొత్త చర్మం సగం ఏర్పడి, రెండింటి మధ్య చిక్కుకుని చస్తుంది. ప్యూపా దశ దాటి బయటపడినవి కూడా రెక్కలు ముడుచుకుపోయి, గుడ్లు పెట్టలేక మిగిలిపోతాయి. ఇదంతా జరగడానికి రోజులు పడుతుంది. సాయంత్రం వేప కషాయం చల్లిన పొగాకు నారుమడిలో మర్నాడు చూస్తే లద్దె పురుగులు చావకుండా ఆకుల మీద కనిపిస్తాయి. రసాయన మందు చల్లిన మడిలో చచ్చిన పురుగులు రాలి కనిపించడానికి అలవాటుపడిన కంటికి ఇది ఓటమిగా తోస్తుంది. ఆకులను తిప్పి చూస్తే మాత్రం పాత కంతల అంచులు ఎండి గోధుమరంగుకు తిరిగి ఉంటాయి, పచ్చిగా తడి ఆరని కొత్త కంతలు అరుదుగా ఉంటాయి. వేపను పరీక్షించడమంటే ఆ అంచులను చూడడమే. చిన్న పిల్లపురుగుల మీద ఇది బాగా పనిచేస్తుంది, బొటనవేలంత పెరిగిన పురుగు మీద దాదాపు పనిచేయదు కనుక, గుడ్లు పగిలే సమయానికే చల్లాలన్న నియమం కూడా ఈ స్వభావం నుంచే వచ్చింది.

ఈ స్వభావాన్ని గుర్తించకుండా వేపను తూచినవారు దాన్ని నాసిరకం మందుగా తేల్చడం సహజమే. అయితే దాన్ని దివ్యౌషధంగా చాటే పక్షం చేసిన పొరపాటు కూడా చిన్నది కాదు. వేప అంటే చాలు, ఏ భాగమైనా, ఎలా కాచినా ఫలిస్తుందన్న నమ్మకం ఊళ్లలో బాగా నాటుకుంది. అజాడిరాక్టిన్ ప్రధానంగా ఉండేది గింజలోని పప్పులో. ఆకులో ఉండేది బహు స్వల్పం. పప్పులో కూడా చెట్టు చెట్టుకూ, ప్రాంతం ప్రాంతానికీ, ఏడాది ఏడాదికీ పరిమాణం మారుతుంది. 1000 గ్రాముల పప్పులో 2 నుంచి 6 గ్రాముల దాకా ఉండవచ్చునని తేలింది. వర్షంలో తడిసి బూజుపట్టిన గింజలోనూ, ఎర్రటి ఎండలో ఆరబోసిన గింజలోనూ అది త్వరగా నశిస్తుంది. వ్యవసాయ విశ్వవిద్యాలయాలు సిఫారసు చేసే 5 శాతం వేపగింజల కషాయాన్ని సక్రమంగా తయారుచేయాలంటే, రాలిన పండ్లను వెంటవెంటనే ఏరి, గుజ్జు కడిగి, నీడలో ఆరబెట్టి, గాలాడే గోనెసంచుల్లో నిలవచేసి, కనీసం మూడు నెలలు ఆగి, ఎనిమిది పది నెలలు దాటక ముందే వాడుకోవాలి. 100 లీటర్ల మందుకు 5 కిలోల పప్పును నూనె కారిపోనంత మోటుగా దంచి, పలుచని గుడ్డలో మూటకట్టి, 10 లీటర్ల నీటిలో రాత్రంతా నానబెట్టి, తెల్లవారి ఆ మూటను పదేపదే ముంచి పిండితే పాలలాంటి ద్రవం దిగుతుంది. పిండగా పిండగా నీరు తెల్లదనం కోల్పోయి పలుచగా రావడం మొదలయితే సారం దిగిపోయినట్టు లెక్క. దానికి 100 నుంచి 200 గ్రాముల సబ్బుపొడి కలిపి, మిగిలిన నీరు పోసి, ఎండ వాలిన తరువాత ఆకు అడుగుభాగం తడిసేలా చల్లాలి. క్షారం ఎక్కువగా ఉన్న బోరునీటిలో అజాడిరాక్టిన్ త్వరగా విరిగిపోతుంది కనుక కలిపిన మందును మరుసటి రోజుకు ఉంచకూడదు. ఈ పనుల్లో ఏ ఒక్కటి తప్పినా మిగిలేది చేదునీరే. ఆ చేదునీటి వైఫల్యమే తరువాత వేప వైఫల్యంగా లెక్కలోకి వెళుతుంది.

కషాయానికి, శుద్ధిచేసిన ఒంటరి పదార్థానికి మధ్య తేడాను తేల్చిన ఒక ప్రయోగం ఈ రంగంలో కీలకమైనది. కెనడాలో ఫెంగ్, ఐస్‌మన్ అనే ఇద్దరు పరిశోధకులు పేనుబంకను రెండు గుంపులుగా విడదీసి, ఒక గుంపును స్వచ్ఛమైన అజాడిరాక్టిన్‌కు, మరొక గుంపును అంతే అజాడిరాక్టిన్ ఉన్న వేపగింజల సారానికి గురిచేస్తూ 40 తరాలు పెంచారు. మొదటి గుంపు తొమ్మిది రెట్లు నిరోధకశక్తి సంపాదించుకుంది; రెండవ గుంపులో అటువంటి నిరోధకశక్తి రాలేదు. 1995లో వెలువడిన ఈ ఫలితం పల్లెటూరి మూటకషాయానికి ఒక గట్టి శాస్త్రీయ ఆధారం. ఒక్క తాళంచెవికి పురుగు తాళం మార్చుకోగలదు గాని, ఒకేసారి వచ్చిపడే ఇరవై తాళంచెవులకు మార్చుకోవడం కష్టం. ఒకే పదార్థాన్ని శుద్ధిచేసి సీసాలో నింపాలన్న పరిశ్రమ తపన వల్ల నాణ్యత నిలకడగా ఉంటుంది, నిజమే. ఆ నిలకడ కోసం మొక్క కూర్చుకున్న మిశ్రమ బలాన్ని వదులుకోవలసి వస్తున్నదన్న ఎరుక కూడా ఉండాలి.

అదే ఐస్‌మన్, గ్రీనీసన్‌తో కలిసి 2014లో ప్రచురించిన సమీక్ష ఈ రంగంలోని పరిశోధనల తీరును నిలదీసింది. వృక్షజన్య కీటకనాశినుల మీద 1980లో 61 పరిశోధన పత్రాలు రాగా 2012లో 1,207 వచ్చాయి. పురుగుమందుల మీద వచ్చిన మొత్తం పత్రాల్లో వీటి వాటా 1.43 శాతం నుంచి 21.38 శాతానికి పెరిగింది. అయితే 2011 నాటి పత్రాల్లోంచి ఎంచి పరిశీలించిన 197 పత్రాల్లో, తాము వాడిన సారంలో ఏ పదార్థం ఎంత ఉందో ఏ కొంచెమైనా చెప్పినవి మూడోవంతు మాత్రమే. తెలిసిన మందుతో పోల్చి చూసినవి నాలుగోవంతే. ఏదో ఒక ఆకును ఏదో ఒక ద్రావణిలో నానబెట్టి, గాజు పళ్లెంలోని పురుగుల మీద పోసి, చచ్చినవాటి శాతం ప్రకటించే పత్రాలు గుట్టలుగా పేరుకుపోయాయన్నమాట. ఏ పదార్థం ఎంత ఉందో చెప్పని ప్రయోగాన్ని మరొకరు తిరిగి చేసి చూడలేరు. తిరిగి చేయలేని ప్రయోగం రైతుకు పనికిరాదు. భారతదేశంలో ఇటువంటి పత్రాలు పెద్దసంఖ్యలో వెలువడుతున్నాయి కనుక, విశ్వవిద్యాలయాలు ఈ లోటును తమ లోటుగానే ఎంచవలసి ఉంది.

వేపను దాటి చూస్తే తెలుగు ప్రాంతాల్లో దొరికే మొక్కల్లో పరిశోధనకు నిలిచినవి కొన్నే. సీతాఫలం గింజల్లోని ఎసిటోజెనిన్లు రోటినోన్ మాదిరిగానే కణంలో శక్తి పుట్టుకను ఆపుతాయి కనుక బలమైనవి. ఆ గింజల పొడి కంట్లో పడితే కార్నియా పైపొర దెబ్బతిని తీవ్రమైన మంట, వాపు వస్తాయని కంటి వైద్యులు అనేక సందర్భాల్లో నమోదుచేశారు. వస కొమ్ము నిల్వ ధాన్యపు పురుగుల మీద బాగా పనిచేస్తుంది గాని, అందులోని బీటా అసరోన్ క్యాన్సర్‌కు దారితీయవచ్చన్న అనుమానంతో అమెరికా 1968లోనే వసను ఆహారంలో కలపకూడదని నిషేధించింది. కానుగ నూనె వేపనూనెకు మంచి జోడు. నిమ్మగడ్డి, యూకలిప్టస్, లవంగం వంటి సుగంధ తైలాలు త్వరగా ఆవిరైపోవడం వల్ల మూసి ఉన్న గిడ్డంగుల్లో, ఇళ్లలో పనికివస్తాయి; ఆరుబయట పొలంలో వాటి ఆయుష్షు బహు తక్కువ. ఉమ్మెత్త, జిల్లేడు కషాయాల్లో చేరినా, అవి విడిగా ఎంత పనిచేస్తాయో నిక్కచ్చిగా తేల్చిన పని కొద్దిగానే ఉంది.

ఈ నేపథ్యంలోనే, సహజ సేద్యాన్ని బోధించే సుభాష్ పాలేకర్ ప్రచారం చేసిన నీమాస్త్రం, బ్రహ్మాస్త్రం, అగ్నిఅస్త్రాలను చూడవలసి ఉంటుంది. ఇవి వేపాకు, సీతాఫలం ఆకు, పచ్చిమిర్చి, వెల్లుల్లి, పొగాకు వంటివాటిని ఆవుమూత్రంతో కలిపి నానబెట్టిగాని కాచిగాని చేసే కషాయాలు. రైతు సొంతంగా, దాదాపు ఖర్చు లేకుండా చేసుకోగలగడం వీటి గొప్ప బలం. అయితే నీమాస్త్రంలో పడేది ప్రధానంగా ఆకే గనుక, దాని నుంచి గింజల కషాయమంత ఫలితం ఆశించడం సబబు కాదు. అగ్నిఅస్త్రంలో పొగాకు ఉంది, అంటే నికోటిన్ ఉంది. నిషేధించిన పదార్థాన్ని మోతాదు తెలియకుండా కుండలో కాచి, చేతులకు తొడుగులు లేకుండా చల్లడం క్షేమం కాదు. రసాయన మందు చల్లేటప్పుడు తీసుకోవలసిన జాగ్రత్తలన్నీ, ముఖానికి గుడ్డ, చేతికి తొడుగు, చల్లిన తరువాత స్నానం, పొగాకు కలిసిన కషాయానికీ తీసుకోవాలి. సహజ సేద్య ప్రచారంలో ఈ మాట తగినంత గట్టిగా వినబడకపోవడం విచారకరం. వేపనూనె తాగించడం వల్ల పసిపిల్లలు మెదడు వాపుకు గురైన సందర్భాలు కూడా వైద్య సాహిత్యంలో నమోదై ఉన్నాయి కనుక, ఇంట్లో దాని సీసాను పిల్లలకు అందనీయకూడదు.

తెలుగు నేల మీద జరిగిన అనుభవాల్లో ఖమ్మం జిల్లాలో ఉండి ఇప్పుడు భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో ఉన్న పునుకుల, జనగామ జిల్లాలోని ఏనబావి ప్రత్యేకంగా చెప్పదగినవి. పత్తి మందుల అప్పుల్లో కూరుకుపోయిన ఈ గ్రామాలు 2000ల దశకంలో స్వచ్ఛంద సంస్థల తోడ్పాటుతో పురుగుమందులను పూర్తిగా మానివేశాయి. హైదరాబాద్‌లోని సుస్థిర వ్యవసాయ కేంద్రం, ఉమ్మడి రాష్ట్రంలోని గ్రామీణ పేదరిక నిర్మూలన సంస్థ ఈ పద్ధతిని మహిళా స్వయంసహాయ సంఘాల ద్వారా లక్షలాది ఎకరాలకు విస్తరించాయి. పురుగుమందులు లేని సస్యరక్షణ అన్న పేరుతో సాగిన ఆ కార్యక్రమంలో గ్రామగ్రామాన కషాయాలు కాచి అమ్మే దుకాణాలను మహిళలే నడిపారు. విభజనానంతర ఆంధ్రప్రదేశ్‌లో రైతు సాధికార సంస్థ చేపట్టిన ప్రకృతి వ్యవసాయం ఈ బాట నుంచే ఎదిగింది. ఈ గ్రామాల్లో ఖర్చులు తగ్గాయి, మందు చల్లి ఆస్పత్రి పాలవడం తగ్గింది; ఇవి చిన్న ఫలితాలు కావు. కానీ ఈ విజయాన్ని కషాయాల ఖాతాలో మాత్రమే వేయడం న్యాయం కాదు. లోతు దుక్కి, దీపపు ఎరలు, లింగాకర్షక బుట్టలు, పత్తి చుట్టూ ఆముదం, బంతి వంటి ఎర పైర్లు, పక్షులు వాలడానికి పంగకర్రలు, అన్నిటికీ మించి రసాయనాలు ఆపడంతో తిరిగి వచ్చిన మిత్రపురుగులు కలిసి చేసిన పని అది. ఈ పనులన్నీ సాగుతున్న చేనులో కషాయం ఆఖరి చేయూత. ఏ పనీ చేయని చేనులో కషాయం ఒక్కటే నిలబెడుతుందనుకోవడం భ్రమ.

కత్తెర పురుగు విషయంలో ఇది తేటగా కనిపించింది. దేశంలో మొదట 2018లో కర్ణాటకలో గుర్తించిన ఈ పురుగు ఆ ఏడే తెలుగు రాష్ట్రాల మొక్కజొన్నకు పాకింది. గుడ్లు, తొలిదశ పిల్లపురుగులు కనిపించినప్పుడు 5 శాతం వేపగింజల కషాయంగాని, 1500 పి.పి.ఎం. వేప మందును లీటరుకు 5 మిల్లీలీటర్ల చొప్పునగాని చల్లమని పరిశోధన సంస్థలు చెప్పాయి. ఆ దశలో చల్లినవారికి సుడి మిగిలింది. పురుగు సుడిలోకి దిగి, రంపపు పొట్టులాంటి పెంటిక కనిపించిన తరువాత చల్లినవారికి ఏమీ మిగలలేదు. 2021–22లో ఖమ్మం, మహబూబాబాద్, వరంగల్, గుంటూరు ప్రాంతాల మిరపను దెబ్బతీసిన కొత్త తామరపురుగు పూల లోపల దాగి ఉండడం వల్ల వేపకే కాదు, ఖరీదైన రసాయనాలకు కూడా సరిగా చిక్కలేదు. అక్కడ వేపకు దక్కే పాత్ర పూత రాకముందు పురుగు సంఖ్యను పెరగనీయకపోవడం వరకే.

అంగడిలో దొరికే వేప మందుల కథ వేరు. కీటకనాశినుల చట్టం 1968 కింద నమోదైన మందుల డబ్బా మీద అజాడిరాక్టిన్ శాతం విధిగా ఉంటుంది. చట్టానికి అందని చోట జీవసంబంధ మందులన్న ముసుగులో రసాయనాలు కలిపి అమ్మిన సంఘటనలు తెలుగు రాష్ట్రాల్లో పదేపదే బయటపడ్డాయి. ఒక్క రాత్రిలో పురుగును రాల్చిన వేప మందును రైతు మెచ్చుకోవడం కాదు, అనుమానించాలి. ఈ మోసం రెండంచుల కత్తి: రసాయనం లేదనుకుని కోసిన మిరప ఎగుమతి పరీక్షలో అవశేషాలతో దొరికిపోతుంది, నిజమైన వేప మందు మెల్లగా పనిచేస్తుందన్న కారణంతో అమ్ముడుపోదు. వేప మీద హక్కుల విషయంలోనూ ఒక తగవు నడిచింది. వేపనూనెతో శిలీంధ్రాలను అదుపుచేసే పద్ధతికి ఐరోపాలో ఒక అమెరికన్ సంస్థకు, అమెరికా వ్యవసాయ శాఖకు కలిపి 1994లో ఇచ్చిన పేటెంటును, ఇది ముందే తెలిసిన విజ్ఞానమన్న కారణంతో 2000లో రద్దుచేసి, అప్పీలును కూడా 2005లో కొట్టివేశారు. ఆ గెలుపు గర్వించదగినదే. అయితే విజ్ఞానం మనదని గెలిచిన దేశంలో ఆ విజ్ఞానానికి ఆధారమైన గింజను సేకరించే ఏర్పాటు మాత్రం బలపడలేదు.

ఎకరానికి ఒక విడత 200 లీటర్ల మందు చల్లాలంటే 10 కిలోల పప్పు కావాలి. పైరు కాలంలో నాలుగు విడతలకు 40 కిలోలు, అంటే పొట్టుతో కలిపి ఉరామరికగా 80 కిలోల ఎండుగింజలు. బాగా ఎదిగిన చెట్టు ఏటా 50 కిలోల పండ్లు, వాటి నుంచి 30 కిలోల దాకా గింజలు ఇస్తుందనుకున్నా, ఒక ఎకరానికి మూడు చెట్ల కాపు పడుతుంది. నూరెకరాల పత్తి ఉన్న ఊరికి మూడు వందల చెట్లు ఉండాలి. 2015 నుంచి దేశంలో తయారయ్యే యూరియా అంతటికీ వేపనూనె పూత తప్పనిసరి కావడంతో అదే గింజకు పరిశ్రమ కూడా పోటీకి వచ్చింది. పండ్లు రాలే కాలమూ తొలకరి దుక్కులు, విత్తనాలు పడే కాలమూ ఒక్కటే. ఏరే చేతులు ఆ రోజుల్లో పొలాల్లో ఉంటాయి. దీనికి తోడు ఫోమాప్సిస్ అనే శిలీంధ్రం సోకి, తేయాకు దోమ అనే రసం పీల్చే పురుగు తోడై, 2021 నుంచి తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌లలో ఊరూరా వేపచెట్లు చివుళ్ల నుంచి వెనక్కి ఎండిపోవడం కనిపించింది. చాలా చెట్లు చావలేదు, తరువాత చిగురించాయి. కానీ వేప పూసేది, కాసేది కొమ్మ చివరనే కనుక, చివుళ్లు మాడిన ఏడాది ఆ చెట్టు కింద ఏరడానికి గింజ ఉండదు.